తాబేలుకి తెలిసినవి రెండే

దసరా సెలవులకి మా ఇంటికొచ్చిన మేనకోడలు సంచిలోంచి కంప్యూటర్ నోట్సు తీసి చూపించింది. నాలుగో తరగతి. మార్జిన్ గీసి, గుండ్రటి అక్షరాలతో రాసి, ఎర్రసిరాతో ‘గుడ్’ పెట్టించుకున్న నోట్సు. ఎఫ్‌డి అనగానేమి? ఫార్వర్డ్. ఆర్‌టి అనగానేమి? రైట్. పెన్‌అప్ అనగానేమి? పెన్ను పైకెత్తుట. పదికి పది మార్కులు. “మరి తాబేలేదే?” అన్నాను. “పుస్తకంలో బొమ్మ ఉంది మావయ్యా. ల్యాబులో సిస్టమ్స్ పనిచెయ్యట్లేదు” అంది. ఈత గురించి వ్యాసం రాయించుకుని, చెరువు చూపించకుండానే ఫస్టు మార్కు వేసి పంపినట్టుంది.

ఆ పాఠం పేరు లోగో. మన ప్రైవేటు స్కూళ్ల కంప్యూటర్ పుస్తకాల్లో మూడో తరగతికీ ఐదో తరగతికీ మధ్య ఎక్కడో ఒకచోట తగులుతుంది. బొమ్మలు గీయిస్తూ పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడానికి కొందరు పెద్ద బుర్రలవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని చెక్కిన పనిముట్టు అది. మనం దాన్ని ఖాళీలు పూరించే ప్రశ్నగా మార్చేశాం. ఆ కోపం అలా పక్కనపెట్టి, ఆ చెక్కడంలో పనితనం ఎక్కడెక్కడుందో దగ్గరగా చూడాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో లోగో ఎక్కించి పిల్ల ముందు పెట్టాను. తెల్లటి తెర. నడిమధ్యన చిన్న త్రికోణం, ముక్కు పైకి. అదే తాబేలు. ‘ఫార్వర్డ్ 100’ అని కొట్టింది. తాబేలు పైకి పాకింది, వెనకాలే గీత పడింది. ‘రైట్ 90’ అంది. తాబేలు ఉన్నచోటే కుడికి తిరిగింది, గీత పడలేదు. మళ్లీ ముందుకు, మళ్లీ కుడికి, మళ్లీ ముందుకు. మూడు గీతలయ్యాయి. ఇప్పుడు తాబేలు మొహం కిందికుంది. చతురస్రం పూర్తి కావడానికి ఇంకొక్క గీత, తెర ఎడమవైపుకి వెళ్లాలి. పిల్ల ధీమాగా ‘లెఫ్ట్ 90’ కొట్టింది. తాబేలు తెర కుడివైపుకి తిరిగి కూర్చుంది.

“ఇది తప్పు తిరిగింది మావయ్యా. నేను లెఫ్ట్ అన్నాను కదా!”

ముందుగదిలో గచ్చుకి టైల్సున్నాయి. “నువ్వే తాబేలువి. నడు” అన్నాను. మూడు టైల్సు ముందుకి, కుడికి. మూడు టైల్సు, కుడికి. మూడు టైల్సు. మొహం ఇప్పుడు నావైపుంది. “ఇప్పుడు ఎటు తిరిగితే బయల్దేరిన చోటికొస్తావు?” అన్నం తినే చెయ్యి ఒకసారి ఎత్తి చూసుకుంది. “కుడికే!” అని అరిచి, నాలుగో గీత నడవకుండానే ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తింది.

అలా నడిపించడం నా తెలివేమీ కాదు, పనిముట్టులోనే ఇమిడి ఉంది. లోగో చేసినవాళ్లు పిల్లలకిచ్చిన సలహా అదే: పాలుపోకపోతే లేచి తాబేలులా నడిచి చూడు. తెరమీద ఆ ప్రాణి చేసేది ఒంటితో చెయ్యగలిగినదై ఉండాలని ముందే అనుకుని తయారుచేశారు కాబట్టి ఆ సలహా చెల్లుతుంది.

కంప్యూటర్ చేత గీత గీయించడానికి మామూలు దారి వేరే ఉంది. తెరని గ్రాఫు కాగితంలా అడ్డంగా, నిలువుగా లెక్కబెట్టి, ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి గీయమంటాం. ఆ పద్ధతిలో గీసేవాడు ఆకాశంలో ఉండి కిందికి చూస్తుంటాడు. చతురస్రానికి నాలుగు మూలలు, మూలకి రెండంకెలు, మొత్తం ఎనిమిది. అదే చతురస్రాన్ని కాస్త పక్కకి వంచి వెయ్యమంటే ఎనిమిదీ మారిపోతాయి, లెక్క తేల్చడానికి సైన్లూ కొసైన్లూ కావాలి. తొమ్మిదేళ్ల పిల్లకి అవెక్కడివి? తాబేలునైతే బయల్దేరే ముందు ఒక ఇరవై డిగ్రీలు తిప్పి, పాతమాటలే మళ్లీ చెబితే చాలు, వంగిన చతురస్రం వచ్చేస్తుంది.

తాబేలుకి వచ్చిన విద్యలు రెండే: ఉన్నవైపుకి సాగడం, ఉన్నచోట తిరగడం. లోతుకి వెళితే లోగోలో కూడా అడ్డం నిలువు అంకెలతో పనిచేయించే కమాండ్లున్నాయి కానీ, వాటిని గుమ్మంలో పెట్టలేదు, లోపలి గదిలో దాచారు. రేఖాగణితంలో బిందువుకి చోటు మాత్రమే ఉంటుంది. తాబేలుకి చోటుతోపాటు మొహం కూడా ఉంది. మనిషికీ, మేకకీ, సైకిలుకీ ఉన్నట్టే. మొహం ఉన్నదానితోనే మనం మనల్ని పోల్చుకోగలం. బిందువుకి మొహం పెట్టాలన్న ఆ ఒక్క ఆలోచనకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను, మిగతావన్నీ దాని వెనకాల నడిచొచ్చినవే.

ఆ ఆలోచన వెనకున్న మనిషి సేమర్ పాపర్ట్. 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టాడు. గణితజ్ఞుడు. పిల్లల బుద్ధి ఎలా పెరుగుతుందో జీవితమంతా పరిశీలించిన జాఁ పియాజే దగ్గర, జెనీవాలో, 1958 నుంచి ఐదేళ్లు పనిచేశాడు. తర్వాత అమెరికాలో ఎమ్‌ఐటీకి వెళ్లాడు. 1980లో అచ్చయిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకం ముందుమాటలో తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పుకున్నాడు. రెండేళ్లయినా నిండకముందే అతనికి కారు భాగాలంటే పిచ్చి. గేర్లంటే మరీనూ. పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకోవడం బుర్రలో తిప్పుకుంటూ పెరిగాడు. బళ్లో ఎక్కాలూ సమీకరణాలూ వచ్చినప్పుడు వాటిని గేర్లుగా ఊహించుకుని దాటేశాడు. గేరు గొప్పేమిటంటే, అది గణితమూ అవుతుంది, పిల్లాడు తన ఒళ్లు తిప్పి అనుకరించగలిగే వస్తువూ అవుతుంది. కాని అందరు పిల్లలకీ గేర్ల మీద ప్రేమ పుట్టదు కదా. ఏ పిల్లకి కావలసిన గేరు ఆ పిల్ల తయారుచేసుకునే వస్తువు కంప్యూటరే కావాలని అతని కోరిక.

లోగో 1967లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలోని బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అనే కంపెనీలో పుట్టింది. పాపర్ట్‌తోపాటు వాలీ ఫోయర్‌జిగ్, సింథియా సాలమన్ దానికి కన్నవాళ్లు. ఇందులో సాలమన్ పేరు తరచూ జారిపోతూంటుంది. పిల్లల మధ్య కూర్చుని పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. విచిత్రమేమిటంటే మొదటి లోగోలో తాబేలు లేదు. మాటలూ వాక్యాలే. 1968-69లో లెక్సింగ్టన్ ఊళ్లో ఏడో తరగతి పిల్లలు మాటల్ని తిరగేసి, వాక్యాలు అల్లే ప్రోగ్రాములు రాశారు. ఆ తర్వాత, 1970 ప్రాంతంలో, తాబేలు వచ్చింది. అదీ తెరమీద కాదు, నేలమీద. చక్రాలున్న యంత్రం, తీగతో కంప్యూటరుకి కట్టేసి ఉంటుంది, పొట్టకింద పెన్ను. నేలమీద పరిచిన పెద్ద కాగితం మీద పాకుతూ గీసేది. ఆ పేరు అంతకుముందే ఉంది. 1940ల చివర ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త వెలుగు వెతుక్కుంటూ పాకే రెండు యంత్రాలు చేసి, వాటిని తాబేళ్లన్నాడు.

ఆ నేల తాబేలులో నాకు ముచ్చటేసే చిన్న సంగతి ఒకటుంది. పెన్ను సరిగ్గా రెండు చక్రాల నడిమధ్యన ఉండాలి. కొంచెం ముందుకి జరిగినా, తాబేలు తిరిగినప్పుడల్లా కాగితం మీద చిన్న వంకర పడుతుంది, మూల నలిగిపోతుంది. నడిమిన ఉంటే, తిరిగినప్పుడు పెన్ను కదలదు, మూల పదునుగా వస్తుంది. సాగడం వేరు, తిరగడం వేరు అని ఆ లోహపు ముక్కలో ఎవరో నిక్కచ్చిగా నిర్ణయించారు. ఎడ్లబండి ఉన్నచోట తిరగలేదు, ఆటో తిరగలేదు. తిరుగుతూనే సాగాలి. ఈ రెంటినీ విడదీసినందుకే పిల్ల ఒకసారి ఒక్క విషయమే ఆలోచిస్తే సరిపోతుంది.

మర్నాడు పిల్ల చతురస్రానికి ఒక పేరు పెట్టింది. లోగోలో కొత్త పనికి పేరు పెట్టాలంటే ‘టు’ అని మొదలుపెట్టాలి. ‘టు స్క్వేర్’ అని రాసి, కింద చెయ్యాల్సినవి రాసి, ‘ఎండ్’ అనాలి. ఇంగ్లీషులో ‘టు రన్’, ‘టు ఈట్’ అన్నట్టుగా స్క్వేర్ అనే నామవాచకం ఒక్క దెబ్బతో క్రియ అయిపోతుంది. తాబేలుకి కొత్త క్రియ నేర్పడమే ప్రోగ్రామ్ రాయడం. మనకైతే ‘ఇంచు’ ఉంది. చతురస్రించు, త్రిభుజించు, పద్మించు. భావకవులు చూస్తే మెచ్చుకునేవారు. అలాగే తెలుగులో సహజంగా చెప్పాలంటే అంకె ముందు రావాలి, క్రియ చివర రావాలి: వంద ముందుకు, తొంభై కుడికి. మన వాక్యం నడకకి సరిపోయే లోగోని ఎవరైనా పిల్లల ముందు పెట్టి చూస్తే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది.

ఆ పేరుతో పిలిచేటప్పుడు ఒక చోట స్పెల్లింగు తప్పింది. తెరమీద వచ్చిన జవాబుని తెలుగులో చెప్పాలంటే, ‘స్క్వర్ చెయ్యడం ఎలాగో నాకు తెలీదు’. పెద్దవాళ్ల ప్రోగ్రామింగ్ భాషలు తప్పు దొరికితే కసురుకుంటాయి. సింటాక్స్ ఎర్రర్ అంటాయి, లైను నంబరు చూపిస్తాయి. లోగో మాత్రం తెలియకపోవడాన్ని తన నెత్తినే వేసుకుంటుంది. నాకు తెలీదు, నువ్వు నేర్పితే చేస్తాను అన్నట్టుంటుంది. పిల్ల నవ్వింది. “పాపం, దానికి రాదంట” అని స్పెల్లింగు దిద్దింది. ఒక్క వాక్యంలో గురువెవరో శిష్యుడెవరో స్థానాలు మారాయి. ఇలాంటి వాక్యం రాయడానికి ప్రోగ్రామరుకి నైపుణ్యం ఒక్కటే చాలదు, పిల్లల పక్కన కూర్చున్న అనుభవం ఉండాలి.

తర్వాత త్రిభుజం. ఇక్కడే ఈ పనిముట్టు అసలు పని మొదలవుతుంది. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 డిగ్రీలని పిల్లకి తెలుసు. వంద ముందుకు, అరవై కుడికి, మూడుసార్లు. త్రిభుజం రాలేదు. మూతపడని గిన్నెలాంటిది ఏదో వచ్చింది. ఇంకో మూడుసార్లు నడిపిస్తే ఆరు భుజాల తేనెపట్టు గది అయింది. పిల్ల దాన్ని చూసి సంతోషపడిపోయి, త్రిభుజం సంగతి కాసేపు మర్చిపోయింది. నేనూ గుర్తుచెయ్యలేదు. పొరపాటున దొరికిన షడ్భుజి కూడా దొరికిన సొమ్మే.

త్రిభుజం ఎందుకు రాలేదు? పుస్తకంలో కొలిచేది లోపలి కోణం, రెండు గోడలు కలిసేచోట మూలలో ఉండేది. తాబేలుకి కావాల్సింది తను ఎంత తిరగాలన్నది. గోడ వెంబడి నేరుగా పోతున్నది, పక్కగోడ వెంబడి పోవడానికి ఎంత మళ్లాలి? అది 180లోంచి 60 తీసేస్తే వచ్చే 120. దీన్ని నేను నోటితో చెబితే పిల్ల నోట్సులో రాసుకుని ‘గుడ్’ తెచ్చుకునేది. మా వీధి చివర ఆంజనేయస్వామి గుడి ఉంది. అక్కడికి తీసుకెళ్లి ప్రదక్షిణ చేయించాను. స్వామికి మొహం పెట్టి బయల్దేరి, చుట్టూ తిరిగి, అక్కడికే వచ్చి, మళ్లీ స్వామికి మొహం పెడితే మొత్తం ఎంత తిరిగినట్టు? ఒక పూర్తి చుట్టు. 360. గుడి నలుచదరమైతే నాలుగు మలుపులు, మలుపుకి 90. గుడి మూడు మూలలదైతే? వేళ్లు మడిచింది. “నూట ఇరవై!” ప్రదక్షిణలో మలుపులన్నీ కుడికే ఉంటాయి కాబట్టి, పిల్ల కొట్టిన ‘రైట్ 90’లు నాలుగూ ఒక ప్రదక్షిణ. ఏ ఆకారం చుట్టూ తిరిగినా, గీత గీతని దాటకుండా మొదటికొస్తే మలుపులన్నీ కలిపి 360. ఇది నిజమైన సిద్ధాంతం, హైస్కూలు దాటినా పనికొచ్చేది. దాన్ని తొమ్మిదేళ్ల పిల్ల గుడి గచ్చు మీద కాళ్లతో కనుక్కుంది.

వృత్తం దగ్గర నేను మళ్లీ ఆగాలి. మనం చదువుకున్న వృత్తానికి కేంద్రం, వ్యాసార్ధం, కంపాసు, పదో తరగతి దాటాక ఒక సమీకరణం ఉన్నాయి. తాబేలుకి ఇవేవీ లేవు. “కళ్లు మూసుకుని గుండ్రంగా నడిచి చూపించు” అంటే పిల్ల ఏం చేసింది? ఒక అడుగు వేసి కొంచెం తిరిగింది, మళ్లీ ఒక అడుగు, మళ్లీ కొంచెం. ఆ కొంచెం ప్రతిసారీ ఒకటే. ‘రిపీట్ 360, ఫార్వర్డ్ 1, రైట్ 1’ అంతే ప్రోగ్రామ్. వచ్చేది నిజానికి 360 భుజాల ఆకారమే అయినా, కంటికి వృత్తమే. దాని మధ్యలో ఏముందో తాబేలుకి తెలీదు, అవసరమూ లేదు. ప్రతిచోటా ఒకేలా వంగే గీత వృత్తం అన్న ఈ చూపు కాలేజీ గణితంలో వక్రత అనే పేరుతో వస్తుంది. చుట్టుకొలత 360 అడుగులు కాబట్టి వ్యాసార్ధం 57 దాటి కొంచెం వస్తుందని పైతరగతి పిల్లలు లెక్కగడతారు. మా పిల్లకి ఆ గొడవ లేదు. ‘ఫార్వర్డ్ 2’ పెడితే పెద్ద వృత్తం, ‘రైట్ 2’ పెడితే చిన్న వృత్తం అని కనిపెట్టి, తెరనిండా గాజులు పరిచింది.

మూడోరోజుకి గాజులతో విసుగొచ్చింది. పూర్తి వృత్తం బదులు పావు వృత్తం దగ్గర ఆపి, తొంభై తిప్పి, ఇంకో పావు వేయిస్తే కోసుగా ఉండే రేకు వచ్చింది. దానికి ‘రేకు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టింది. ‘రిపీట్ 8, రేకు, రైట్ 45’. ఎనిమిది రేకుల పద్మం. అమ్మమ్మ ధనుర్మాసంలో గడపముందు వేసేదే. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించింది. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, “బాగానే ఉంది కానీ, చుక్కలేవే?” అంది.

ఆ ప్రశ్న నన్ను చాలాసేపు పట్టుకుంది. సంక్రాంతి ముందు పత్రికల్లో ముగ్గులకింద ఇలా రాసి ఉంటుంది: 15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేవరకు. నడుమ వరసలో పదిహేను పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ, ముందు వరస చుక్కల సందుల్లో చుక్కలు పెట్టుకుంటూ ఎనిమిది దగ్గర ఆగాలి. ఎంత తగ్గించాలో, ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ ఆ మూడు ముక్కల్లో ఉన్నాయి. అంతకంటే పొదుపైన ప్రోగ్రామ్ నేను చూడలేదు. చుక్కలు గ్రాఫు కాగితం లాంటివే. చుక్కా చుక్కా కలిపే ముగ్గు ఆకాశంలోంచి చూసే ముగ్గు. మెలికల ముగ్గు అలాంటిది కాదు. అందులో గీత చుక్కని తాకదు, చుక్కల మధ్యనుంచి దూసుకుపోయి, అంచు దగ్గర తిరిగి, మళ్లీ లోపలికొచ్చి, ఎక్కడా తెగకుండా మొదటిచోటికి చేరుతుంది. చిన్నప్పుడు మా అమ్మ మెలికల ముగ్గు వేస్తుంటే మధ్యలో పలకరించి తిట్లు తిన్నాను. “ఎటు పోతున్నానో మర్చిపోయేలా చేశావు కదరా” అనేది. చెయ్యి ఎక్కడుందో కళ్లకి కనిపిస్తూనే ఉంది, పోయింది ఎటు అన్న సంగతి. అమ్మకి కూడా చోటుతోపాటు మొహం కావలసొచ్చింది.

ఇది నా కవిత్వం అనుకోకండి. ముగ్గుకి తోబుట్టువైన తమిళుల కోలాన్ని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్ వ్యాకరణంలా సూత్రాలు కట్టి 1974లో ప్రచురించారు. తర్వాత ప్రెమిస్వావ్ ప్రుసింకీవిచ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ మెలికల కోలాల్నే తాబేలు చేత వేయించాడు. జీవశాస్త్రవేత్త లిండెన్‌మేయర్ మొక్కల పెరుగుదల కోసం 1968లో కట్టిన సూత్రాల్ని తాబేలు కమాండ్లుగా చదివించి, కొమ్మలూ పూలూ గీయించాడు. 1990లో వాళ్లిద్దరి పేర్లతో వచ్చిన మొక్కల పుస్తకం ఇప్పటికీ కంప్యూటర్ గ్రాఫిక్స్ చదివేవాళ్ల బల్లల మీద ఉంటుంది. పిల్లల కోసం పుట్టిన ప్రాణి అక్కడిదాకా పాకింది.

అమ్మమ్మ అడిగిన చుక్కలు లోగోలో ఇంకోచోట ఉన్నాయి. కొలత మార్చుకోవడానికి వీలుగా పేరు పెట్టాలంటే, ఆ పేరు ముందు కోలన్ గుర్తు, నిలువుగా రెండు చుక్కలు, పెట్టాలి. లోగో నేర్పేవాళ్లు దాన్ని కోలన్ అని పలకరు, ‘డాట్స్’ అంటారు. చుక్కల భుజం, చుక్కల కోణం. ఈ రెండూ చేర్చి ఒక్క ప్రొసీజరు రాస్తే చాలు: అంత భుజం ముందుకు, అంత కోణం కుడికి, మళ్లీ నన్నే పిలు. తన పని చివర తననే పిలుచుకునే ఈ ఏర్పాటుని రికర్షన్ అంటారు, కాలేజీ పిల్లల్ని భయపెట్టే మాట. ఇక్కడ అది మూడో లైను. కోణం 72 ఇస్తే పంచభుజి. 144 ఇస్తే అయిదు మొనల నక్షత్రం, ఎందుకంటే అయిదు నూటనలభైనాలుగులు 720, అంటే రెండు ప్రదక్షిణలు. భుజాన్ని ప్రతిసారీ కొంచెం పెంచుకుంటూ పోతే చుట్టలు చుట్టలుగా జంతిక. కోణం 90 బదులు 91 పెడితే ఆ జంతిక సుడి తిరుగుతుంది. ఒక్క డిగ్రీ తేడాకి అంత మార్పు వస్తుందని నేనూ ముందుగా ఊహించలేదు, ఆ రాత్రి పిల్ల పడుకున్నాక కూడా అంకెలు మారుస్తూ కూర్చున్నాను.

చదవడం రాని పిల్లల సంగతేమిటని 1970ల నడుమ ఎమ్‌ఐటీలో రేడియా పెర్ల్‌మన్ అనే విద్యార్థిని ఆలోచించింది. కీబోర్డు తీసేసి బటన్ల పెట్టె ఇచ్చింది. ఆ తర్వాత అట్టముక్కలు గుచ్చే గాళ్లున్న పెట్టెలు చేసింది. ముందుకెళ్లే బొమ్మ ఉన్న ముక్క, తిరిగే బొమ్మ ఉన్న ముక్క వరసగా గుచ్చి బటన్ నొక్కితే తాబేలు ఆ వరసని నడుస్తుంది. ఒక్కో వరసకి ఒక్కో రంగు. ఎర్ర వరసని పిలవాలంటే ఎర్రముక్క గుచ్చాలి. ఎర్ర వరసలోనే ఎర్రముక్క గుచ్చితే? అదే రికర్షన్, నాలుగేళ్ల పిల్లల చేతిలో. ఈవిడే తర్వాత 1985లో కంప్యూటర్ నెట్‌వర్కులు సుడిలో పడి తిరక్కుండా కాపాడే స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టింది. పెద్ద పేరు దానికే వచ్చింది. నాకైతే ఆ అట్టముక్కల పెట్టెలు కూడా అంత పనే అనిపిస్తుంది.

ఇప్పుడు పిల్లలకి ఎక్కువగా తెలిసిన స్క్రాచ్ 2007లో, ఎమ్‌ఐటీలోనే, పాపర్ట్ శిష్యుడు మిచెల్ రెజ్నిక్ బృందం నుంచి వచ్చింది. రంగుముక్కల్ని ఒకదానికింద ఒకటి తగిలించడమే ప్రోగ్రామ్. తప్పు ముక్క అతకదు కాబట్టి స్పెల్లింగు తప్పులు, బ్రాకెట్ల తప్పులు అసలుండవు. మళ్లీ మళ్లీ చెయ్యమనే ముక్క నోరు తెరిచి ఉంటుంది, లోపల ఎన్ని పెడితే అంత సాగుతుంది. తిరిగే ముక్కలో ముందే 15 అని రాసి ఉంటుంది. ఇరవైనాలుగుసార్లు నొక్కితే పూర్తి చుట్టు. ఎంత మర్యాదైన పనితనం! అయినా ఒక అసంతృప్తి ఉంది. స్క్రాచ్‌లో పిల్లి ఉంది, పాటలున్నాయి, కథలున్నాయి, అడ్డం నిలువు అంకెలూ గుమ్మంలోనే ఉన్నాయి. పెన్ను మాత్రం 2019లో వచ్చిన మూడో రూపంలో పక్కకి పోయింది, ఎక్స్‌టెన్షన్ల గదిలోకి వెళ్లి తెచ్చుకోవాలి. చాలామంది పిల్లలు అక్కడిదాకా వెళ్లరు. స్క్రాచ్ పెద్ద సంత, అన్నీ దొరుకుతాయి. తాబేలు ఒక్క ఉలి. గణితం చెక్కాలంటే నా ఓటు ఉలికే.

దీన్ని దేవుణ్ణి చేసి పూజించనక్కర్లేదు. 1984లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లండ్ ఏడాదిపాటు లోగో నేర్చుకున్న పిల్లల్ని, నేర్చుకోని వాళ్లతో పోల్చి చూశారు. పనిని ముందుగా ప్రణాళిక వేసుకోవడంలో లోగో పిల్లలు మెరుగేమీ కాదని తేల్చారు. పాపర్ట్ దానికి చెప్పిన జవాబు సారాంశం ఇది: కలపతో మంచి ఇల్లు వస్తుందా అని అడిగితే ఏం చెబుతాం? వడ్రంగిని బట్టి ఉంటుంది. జవాబు తెలివైనదే, కొంచెం తప్పించుకునేదే కూడా. వడ్రంగి దొరకని ఊళ్లో ఉలి ఏం చేస్తుంది? మా పిల్ల నోట్సు చూశాక నాకు ఆ పరిశోధకుల మీద కోపం రాలేదు.

సెలవులయ్యాక పిల్ల వెళ్లిపోయింది. సంక్రాంతికి ఫోన్ చేసి, గుమ్మం ముందు సున్నంతో పద్మం వేశానంది. రేకు ఎలా గుండ్రంగా వచ్చిందని అడిగితే, “ఒక అడుగు, కొంచెం తిరగడం, అంతే కదా మావయ్యా” అంది. అర్ధవార్షిక పరీక్షలో పెన్‌డౌన్ అనగానేమి అన్న ప్రశ్నకి మాత్రం అర మార్కు పోయిందట, పుస్తకంలో ఉన్నట్టు రాయలేదని.

మీ ఇంట్లో పిల్లలుంటే తాబేలు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. లోగో ఉచితంగానే దొరుకుతుంది. పైథాన్ ఎక్కించిన కంప్యూటర్లో మామూలుగా ‘టర్టిల్’ పేరుతో తాబేలు వచ్చే ఉంటుంది. అక్కడ తాబేలు ముక్కు పైకి కాకుండా కుడివైపుకి ఉంటుంది. కాకపోతే ల్యాప్‌టాప్ తెరిచే ముందు పిల్లని లేపి గదిచుట్టూ ఒకసారి నడిపించండి. కుడిచెయ్యి ఏదో మీరు చెప్పకండి.